ట్రామ్ స్టాప్ నుంచి అరవై ఒక్క అడుగులు

గార్నెట్ ఒలివియెర్‌కి మీరు టొరంటోలో ఏ ఇల్లు చూపించినా సరే, ఆ ఇంటివాళ్ళు ఏ పార్టీకి ఓటేస్తారో చెప్పేస్తాడు. పేర్లడగడు, జీతాలడగడు, ఏ దేశం నుంచి వచ్చారని అడగడు. తిన్నగా దగ్గర్లో ఉన్న ట్రామ్ స్టాప్‌కి వెళ్ళి, స్తంభానికి వీపు ఆనించి నిలబడి, అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆ ఇంటి గుమ్మం దాకా వస్తాడు. వచ్చి, గడపకి బూటు తాకించి అంకె చెబుతాడు. వెంటనే రంగు చెబుతాడు. "నూట డెబ్భై. ఎరుపు." అంతే. తరవాత మీరు ఒట్టేసి చెప్పినా వినడు.

ఆ ఊళ్ళో పార్టీల పేర్లు పూర్తిగా పలికే ఓపిక ఎవరికీ లేదు. ఎరుపంటే లిబరల్, నీలమంటే కన్సర్వేటివ్, నారింజ అంటే న్యూ డెమోక్రాట్. గార్నెట్ కొలమానం ప్రకారం స్టాప్ నుంచి రెండు వందల అడుగుల లోపు ఉన్నవాళ్ళు ఎరుపు. నాలుగు వందల దాకా ఎరుపే గానీ సణుక్కుంటూ వేస్తారు. ఆరు వందల దగ్గర మొగుడిదో రంగు, పెళ్ళానిదో రంగు, భోజనాల దగ్గర ఆ ఊసెత్తరు. తొమ్మిది వందలు దాటితే నీలం. పట్టాలే లేని శివార్లకి వెళితే అడుగులు దండగ, ఇంటి ముందు ఎన్ని కార్లున్నాయో చూసుకుంటే చాలు. మరి నారింజవాళ్ళ మాటేమిటని అడిగితే, "వాళ్ళు సైకిళ్ళ మీద తిరుగుతారు, అడుగులకి దొరకరు" అని తేల్చేసేవాడు.

ముప్పై మూడేళ్ళు ట్రామ్ నడిపినవాడు ఆయన. కరీబియన్ సముద్రంలో బెక్వే అనే చిన్న దీవి నుంచి పాతికేళ్ళ వయసులో వచ్చి, మంచు అంటే ఏమిటో తెలియకుండానే జనవరిలో ఉద్యోగంలో చేరాడు. ఇప్పుడు డెబ్భై నాలుగు నిండాయి. ఉద్యోగం వదిలినా ఉద్యోగం నాటి కోటు మాత్రం వదల్లేదు. మోకాళ్ళ కింద దాకా వచ్చే ఆ నల్ల ఉన్ని కోటుకి రెండు జేబులు. ఒక్కో జేబులో ఒక పసిబిడ్డని పడుకోబెట్టొచ్చు.

ఇనెస్ ఫుర్తాదో ఆయన్ని మొదట చూసింది ఎర్ర పార్టీ ఎన్నికల కార్యాలయంలో. ఇనెస్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మకి అదే పేటలో బట్టల రిపేరు కొట్టుంది. పోర్చుగల్ దీవుల నుంచి వచ్చిన ఆ తల్లి కుట్టు మిషనుతోనే పిల్లని పెంచి, కొట్టు దాని చేతికిచ్చి కాస్త నడుం వాలుద్దామని చూస్తోంది. ఇనెస్‌కేమో రాజకీయాల పిచ్చి. ఆఖరికి తల్లీకూతుళ్ళ మధ్య ఒప్పందం కుదిరింది. ఈ ఫిబ్రవరి ఎన్నికలో ఇనెస్ పనిచేసే పార్టీ ఈ నియోజకవర్గం గెలిస్తే ఆమె దారి ఆమెది. ఓడితే మాత్రం మారు మాట్లాడకుండా వచ్చి మిషను ముందు కూర్చోవాలి. కిందటిసారి ఆ సీటు నలభై ఒక్క ఓట్ల తేడాతో నీలం పార్టీకి పోయింది. అందుకని ఇనెస్ ప్రతి ఓటునీ ఒక ప్యాంటు అంచులా చూసేది, వదులుగా ఒక్కటి కూడా ఉండకూడదు.

"అసలు అడుగులకీ ఓటుకీ ఏంటండీ సంబంధం?" అని మొదటిరోజే అడిగింది.

"నువ్వు ఫిబ్రవరిలో స్టాపులో నిలబడ్డావా అమ్మాయ్?"

"రోజూ నిలబడతాను."

"నిలబడి ఏమనుకుంటావు?"

"బండి ఇంకా రాలేదేంటా అనుకుంటాను."

"కార్లో కూర్చున్నవాడు ఏమనుకుంటాడు?"

"ముందున్నవాడు తప్పుకోడేంటా అనుకుంటాడు."

"ఇంకేం కావాలి? ప్రభుత్వం రావాలని చూసేవాడొకడు, ప్రభుత్వం తప్పుకోవాలని చూసేవాడొకడు. మొదటివాడు స్టాపు పక్కన కాపరం పెడతాడు, రెండోవాడు గ్యారేజీ ఉన్నచోట పెడతాడు. దీనికి పెద్ద చదువులు ఎందుకు?"

"అంటే డబ్బూ, చదువూ, వలసా, ఇవేవీ లెక్కలోకి రావా?"

"అందరూ నా బండి ఎక్కినవాళ్ళేగా. స్టాపులో ఒకడు దగ్గితే పక్కనున్న ఆరుగురికీ వినపడుతుంది. ఇంటికెళ్ళినా ఆ దగ్గు చెవిలోనే ఉంటుంది. ఓటేసేటప్పుడు ఆసుపత్రి గుర్తొస్తుంది. కార్లో ఎవరి దగ్గు వాళ్ళదే."

ఇలా ఆయన దగ్గర అన్నిటికీ జవాబుండేది. ఒకసారి పేటలో ఒక కుర్ర జంట ఇల్లు కొనబోతూ ముందుగా గోడలు చూడమని ఇంజనీర్ని పిలిచారు, తరవాత గార్నెట్ని పిలిచారు. ఇంజనీరు పునాది గట్టిదన్నాడు. గార్నెట్ అడుగులు లెక్కపెట్టి, "ఆరు వందల పది. కొనుక్కోండి గానీ ఎన్నికల రోజున కొట్టుకోవద్దు" అన్నాడు. వాళ్ళు ఆ ఇల్లు వదిలేసి నూట తొంభై అడుగుల్లో చిన్న ఫ్లాట్ కొనుక్కున్నారు.

ఇంకోసారి ఆయన పాత సహోద్యోగి ఒకడు పట్టాలకి దూరంగా శివార్లలో రెండు గ్యారేజీల ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. గార్నెట్ నల్ల కోటు, నల్ల టై కట్టుకుని, వాళ్ళ దీవిలో చావింటికి తీసుకెళ్ళే తరహా కేకు పట్టుకుని వెళ్ళాడు. గుమ్మంలో టోపీ తీసి, "మంచి ఎర్ర ఓటరు పోయాడు" అని స్నేహితుడి భార్య చెయ్యి పట్టుకుని ఓదార్చాడు. ఆవిడ మూడు నెలలు మాట్లాడలేదు. స్నేహితుడు మాత్రం తరవాతి ఎన్నికలో నిజంగానే నీలానికి వేశాడు. ఆ సంగతి తెలిసి గార్నెట్ రెండో కేకు పంపించాడు.

ఎన్నికల కార్యాలయానికి పెద్ద గ్రెగర్ మొఫాట్ అనే మనిషి. ఆయనకి కంప్యూటర్ అంటే దేవుడితో సమానం. ఏ ఇంటికి ఎంత ఎరుపు అవకాశం ఉందో చేతిలో పట్టే ఒక కంప్యూటర్ పలకలో అంకెలు చూపించేవాడు. ఒకరోజు ఇనెస్ ఉండబట్టలేక పందెం పెట్టింది. పది ఇళ్ళు. మొఫాట్ పలకలో చూసి చెప్పాలి, గార్నెట్ నడిచి చెప్పాలి. తరవాత తలుపు కొట్టి అడగాలి. మొఫాట్‌వి ఆరు ఒప్పయ్యాయి. గార్నెట్‌వి తొమ్మిది.

"ఆ పదోది ఎందుకు తప్పింది?" అన్నాడు మొఫాట్ ఉక్రోషంగా.

"మనకి జవాబు చెప్పినవాడు యజమాని, ఇల్లు అద్దెకిచ్చేశాడు. వాడసలు ఇక్కడ నడవనే లేదు. నడిచినవాడిని అడగండి" అన్నాడు గార్నెట్.

మెట్ల కింద గదిలో అద్దెకుంటున్న అమ్మాయిని అడిగారు. ఆ అమ్మాయి ఎరుపే అంది. మొఫాట్ ఆ సాయంత్రం పలకకి కొత్త కవరు కొనుక్కున్నాడు గానీ ఇంకెప్పుడూ పందెం కాయలేదు.

ఇంత గట్టి సిద్ధాంతానికి ఒకే ఒక్క చిల్లు. ఆ చిల్లు పేరు లేయ్దా కాస్క్.

లేయ్దా కాస్క్‌కి ఎనభై ఆరేళ్ళు. ఎస్టోనియా నుంచి అయిదేళ్ళ పిల్లగా తల్లి ఒళ్ళో కూర్చుని పడవలో పారిపోయి వచ్చిన మనిషి. భర్త పోయి పద్దెనిమిదేళ్ళయింది. గ్రెన్‌వాల్ వీధిలో ఒక్కతే ఉంటుంది. స్టాప్ నుంచి ఆవిడ గుమ్మానికి సరిగ్గా అరవై ఒక్క అడుగులు. కారు లేదు, జన్మలో నడపలేదు. గార్నెట్ లెక్కన అంతకన్నా ఎరుపు ఇల్లు ఆ నగరంలోనే ఉండకూడదు. ఆవిడేమో పుట్టి బుద్ధెరిగాక ప్రతి ఎన్నికలోనూ నీలానికే వేసింది. వేసి ఊరుకోదు, కిటికీలో నీలం బోర్డు కూడా పెడుతుంది.

గార్నెట్ ఆ ఇంటిని వదిలేవాడు కాదు. చలికాలం వచ్చిందంటే రోజూ తెల్లారి వెళ్ళి మళ్ళీ కొలిచేవాడు. ఆవిడ తలుపు తీసి యాలకుల రొట్టె ముక్క చేతిలో పెట్టేది.

"ఇవాళ ఎన్నొచ్చాయి డ్రైవరూ?"

"అరవై ఒకటే మేడమ్."

"నా ఓటు?"

"నీలమే."

"మరి మీ లెక్క తప్పేగా?"

"లెక్క సరిగ్గానే ఉంది. మీరే తప్పు."

ఒకసారి ఇనెస్ వెంట ఉండగా ఆ ప్రభుత్వం రావడం, తప్పుకోవడం అన్న ముచ్చట ఆవిడ దగ్గర కూడా ఎత్తాడు. లేయ్దా రొట్టె కోస్తూ విని, కత్తి పక్కన పెట్టి, "మా ఊళ్ళో ప్రభుత్వం సమయానికే వచ్చిందయ్యా. నేను చిన్నపిల్లని. ఎర్ర జెండా పట్టుకుని వచ్చింది. వచ్చి మా ఇల్లు తీసుకుంది. అప్పట్నుంచీ నాకు అది కాస్త ఆలస్యంగా వస్తేనే ఇష్టం" అంది.

గార్నెట్ రొట్టె నమిలి, కోటు సర్దుకుని, "రేపు ఇంకోసారి కొలుస్తాను. అడుగు తేడా వచ్చిందేమో" అని లేచాడు.

అలా ఆయన 'ఇంకా తేలని ఇళ్ళు' అని పద్నాలుగు ఇళ్ళ జాబితా రాసుకున్నాడు. మంచు పడిన ప్రతి ఉదయం వాటన్నిటికీ స్టాప్ నుంచి నడిచి కొలవాల్సిందే. ఇనెస్ ఆ జాబితా చూసి తల పట్టుకుంది. పద్నాలుగింట్లో ఏడు ఖాయంగా నీలం, మూడు నారింజ, నాలుగే ఎరుపు. అన్నీ ముసలివాళ్ళ ఇళ్ళు, ఎవరూ ఒక్క అంగుళం కూడా కదిలే రకం కాదు.

"తేలనివి కావండీ ఇవి. ఎప్పుడో తేలిపోయాయి. వీటి మీద పెట్టే టైము ఆరు వందల అడుగుల ఇళ్ళ మీద పెడితే పాతిక ఓట్లొస్తాయి."

"తేలలేదమ్మా. నాకు తేలలేదు."

"లేయ్దా గారు మారతారని మీకు ఆశా?"

"ఆవిడా? అబ్బే."

"మరి?"

"కొలత అంటే కొలతే" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. మొండితనం అంటే ఇదీ అనుకునేది ఇనెస్. మనిషి మీద ఇష్టం ఉండబట్టి ఊరుకునేది.

ఆయన మీద ఆఫీసులో ఇంకో ఫిర్యాదు కూడా ఉండేది. ఆయన కూర్చుని లేచిన చోటల్లా నేల కరకరలాడేది. కుర్చీ కింద తెల్లటి పొడి, గుమ్మం దగ్గర పొడి, టీ బల్ల దగ్గర పొడి. ఊడ్చే అబ్బాయి విసుక్కుంటే మొఫాట్, "ఆయన కోటు అంత పాతది, పొట్టు రాలుతోంది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. గార్నెట్ కూడా నవ్వేవాడు.

ఎన్నికకి ముందురోజు మధ్యాహ్నం గార్నెట్ కోటు కుర్చీకి తగిలించి సూపు తాగడానికి లోపలికెళ్ళాడు. అప్పుడు ఇనెస్ కంట్లో పడింది కుడి జేబు. జేబు అడుగున చిల్లు. చిల్లంటే అలాంటిలాంటిది కాదు, మూడు వేళ్ళు దూరేంత. దాని కింద అస్తరు కూడా చిరిగి, కోటు అంచు దాకా దారి తెరుచుకుని ఉంది. జేబులో ఉన్నవన్నీ ఇలా జారిపోతుంటే పాపం ఈ మనిషి చూసుకోలేదే అని ప్రాణం ఉసూరుమంది.

కుట్టు కొట్టులో పుట్టి పెరిగిన పిల్ల. చిరిగిన జేబు చూసి ఊరుకోమంటే ఎలా ఊరుకుంటుంది? హ్యాండ్‌బ్యాగులో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. కోటు ఒళ్ళో వేసుకుని, లోపలి నుంచి గుడ్డముక్క వేసి, రెండు వరసల గట్టి కుట్టు వేసి, పంటితో దారం తెంపింది. వాళ్ళమ్మ చూస్తే మెచ్చుకోవాల్సిన పని. అడిగించుకుని చేసిన సాయం కన్నా అడక్కుండా చేసిందే బాగుంటుందని, ఆయనకి చెప్పకుండా కోటు మళ్ళీ కుర్చీకి తగిలించేసింది.

తెల్లవారుజామున వాన పడింది. మామూలు వాన కాదు, నేలకి తగలగానే గడ్డకట్టే వాన. ఎన్నికల ఉదయానికి వీధులన్నీ అద్దం వేసినట్టు మెరుస్తున్నాయి. చెట్ల కొమ్మలు, ట్రామ్ తీగలు, మెట్ల కటకటాలు, అన్నీ గాజు.

పోలింగ్ కేంద్రం గ్రెన్‌వాల్ వీధి స్టాప్ నుంచి ట్రామ్‌లో రెండు స్టాపుల అవతల, ఒక బడి వ్యాయామశాలలో పెట్టారు. ఓటేసినవాళ్ళ నంబర్ల కాగితం గంటకోసారి అన్ని పార్టీలకీ ఇస్తారు. ఎవరు ఇంకా రాలేదో చూసుకుని పార్టీలవాళ్ళు వెళ్ళి తలుపులు కొడతారు. పదకొండింటికి ఇనెస్ ఆఫీసులో కాగితం ముందేసుకుని గీతలు గీస్తోంది. ఎరుపు బాగానే పడుతోంది. నీలం కాస్త వెనకబడింది.

అప్పుడే గార్నెట్ వచ్చాడు. పద్నాలుగు ఇళ్ళూ పొద్దున్నే కొలిచి వచ్చానని చెప్పి, ఇనెస్ భుజం మీంచి వంగి కాగితం చూశాడు.

"మా మేడమ్ నంబరేదీ?"

"ఎవరు, లేయ్దా గారా? ఇంకా రాలేదు."

"రాకపోవడమేంటి? తలుపులు తెరవగానే మొదటి వరసలో ఉంటుంది. నేను ఇక్కడికొచ్చినప్పట్నుంచీ పది దాటనివ్వలేదు."

"ఇవాళ లేటైందేమో. అయినా మనకేంటి, ఒక నీలం ఓటు తగ్గితే మంచిదేగా" అని ఇనెస్ నవ్వింది.

గార్నెట్ నవ్వలేదు. చేతి రుమాలు కోసం కాబోలు కుడి జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా బయటికి తీశాడు. గుప్పిటనిండా తెల్లటి గరుకు ఉప్పు, కాలు జారకుండా మంచు కరగడానికి దారుల మీద చల్లేది.

"నిండుగా ఉందేంటిది?" అన్నాడు తనలో తను. "అయిదిళ్ళకోసారి నింపుకునేవాణ్ణి. ఇవాళ ఖాళీ కాకపోతే, వయసు మీదపడి పొద్దున ఎక్కువ నింపుకున్నానేమో అనుకున్నా." జేబు అడుగున తడిమాడు. "ఎవరు కుట్టారు దీన్ని?"

"నేనేనండీ" అంది ఇనెస్. ఆ మాట సగం గర్వంగా మొదలై సగంలో నీరుగారిపోయింది. ఆయన గుప్పిట్లోని ఉప్పు చూసింది. కుర్చీ కింద పొడి చూసింది. పద్నాలుగు ఇళ్ళ జాబితా గోడ మీద ఉంది, అదీ చూసింది. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

గార్నెట్ అప్పటికే తలుపు దాటేశాడు. ఇనెస్ కత్తెర అందుకుని వెనక పరుగెత్తింది.

లేయ్దా కాస్క్ తన గుమ్మానికీ స్టాపుకీ మధ్య కాలిబాట మీద దర్జాగా కూర్చుని ఉంది. మంచి టోపీ, మెడలో నీలం మఫ్లర్, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. ఎడమ కాలి మడమ వాచింది. పక్కన ట్రామ్ కోసం వచ్చిన ఒక నర్సమ్మాయి గొడుగు పట్టుకుని నిలబడింది. ఇంకొకతను తన కోటు తీసి ఆవిడ కింద పరిచాడు.

"ఇరవై మూడో అడుగు దగ్గర పడ్డాను డ్రైవరూ, రాసుకోండి" అంది లేయ్దా. "ఇన్నేళ్ళల్లో ఎప్పుడైనా జారానా? ఇవాళ మీ ఉప్పేమైంది?"

ఇనెస్ నోరు తెరిచింది. "మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదూ? పద్నాలుగు ఇళ్ళవాళ్ళకీ తెలుసు. నేను మంచు తియ్యడానికి ఎవర్నీ రానివ్వను. వచ్చినవాళ్ళని చీపురు పట్టుకుని తరిమాను, ఈయన్ని కూడా ఒకసారి తరిమాను. మర్నాడు కొలతలని వచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తున్నా, నడిచినంత మేరా ఉప్పు రాలుతోంది. చిల్లు జేబు మనిషిని పట్టుకుని నాకు సాయం వద్దని ఎలా అంటాను? చెప్పు."

గార్నెట్ పక్కకి తిరిగి ట్రామ్ వస్తుందేమోనని చూస్తున్నాడు. బండి రాలేదు గానీ అటే చూస్తున్నాడు.

"చిల్లు నేనే కుట్టేశానండీ. తప్పు నాది" అంది ఇనెస్. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కుట్టు బాగా వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే తప్పేముంది? పనిమంతురాలివి. ముందు నన్ను లేపండి. వేళ్ళు కదులుతున్నాయి, విరగలేదు. ఓటేశాక డాక్టరు."

ఇనెస్ ఫోను మోగింది. మొఫాట్. "ఎక్కడున్నావ్? ఆరు వందల అడుగుల ఇళ్ళకి ఇప్పుడే వెళ్ళాలి, ఇది అసలైన టైము."

"లేయ్దా కాస్క్ పడిపోయారండీ. ఓటుకి తీసుకెళ్తున్నా."

"కాస్కా? ఆవిడ నీలం కదా. లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి రా."

ఇనెస్‌కి నలభై ఒక్క ఓట్లు గుర్తొచ్చాయి, అమ్మ మిషను పక్కన తన కోసం వేసి ఉంచిన ఎత్తు పీట గుర్తొచ్చింది. తరవాత ఆ వాచిన మడమ చూసింది. "ఆవిడ పడింది నా కుట్టు మీద కాలేసి" అని ఫోను పెట్టేసింది.

ఇనెస్, గార్నెట్ చేతులు అల్లి కుర్చీ చేసి ఆవిడని ఎత్తారు. గార్నెట్ అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెడుతుంటే, మధ్యలో పాదం జారినప్పుడల్లా నర్సమ్మాయి వెనక నుంచి ఆనింది. స్టాపు దగ్గర చలిలో నిలబడ్డ ఏడెనిమిదిమంది ఎవరూ పిలవకుండానే వచ్చి తలో చెయ్యి వేశారు. ట్రామ్ వచ్చింది. డ్రైవరు గార్నెట్‌ని గుర్తుపట్టి బండి ఆపి కిందికి దిగాడు. లోపల కూర్చున్నవాళ్ళు ఒకేసారి లేవబోయి ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు.

"చూశారా మేడమ్. స్టాపులో నిలబడ్డవాళ్ళంటే ఇదీ" అన్నాడు గార్నెట్ రొప్పుతూ.

"చూశాను. అందరూ మంచివాళ్ళే. ఓటెయ్యడం ఒక్కటే తెలీదు" అంది లేయ్దా.

బడి గుమ్మంలో అధికారి ఆపాడు. పార్టీ రంగులతో లోపలికి రాకూడదన్నాడు. లేయ్దా నీలం మఫ్లర్ తీసింది, ఇనెస్ ఎర్ర మఫ్లర్ తీసింది. రెండూ గార్నెట్ చేతిలో పెట్టి లోపలికెళ్ళారు. చలికి తట్టుకోలేక ఆయన రెండూ మెడకి చుట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని చూసి, "ఇది ఏ పార్టీ పెద్దాయనా, కొత్తదా?" అని అడిగి మరీ లోపలికెళ్ళారు.

లేయ్దాని నర్సమ్మాయికి అప్పగించి డాక్టరు దగ్గరికి పంపాక, ఇనెస్ గార్నెట్‌ని మెట్ల మీద కూర్చోబెట్టి కోటు జేబు తిరగేసింది. నిన్న వేసిన రెండు వరసల కుట్టూ కత్తెరతో తెంపింది. సొంత కుట్టు తెంపడం ఎంత కష్టమో కుట్టేవాళ్ళకే తెలుస్తుంది. గుడ్డముక్క ఊడి చేతిలోకొచ్చింది.

"మిగతా పదమూడు ఇళ్ళకీ పదండి" అంది.

"ఆరు వందల అడుగుల ఇళ్ళో?"

"అవి ఎక్కడికీ పోవు. వీళ్ళు బయటికొస్తే పడతారు."

రెండు గంటలు పట్టింది. ఒకవైపు ఆయన, ఒకవైపు ఇనెస్. వాళ్ళు నడిచిన వెనకే తలుపులు తెరుచుకుని, కర్రలు పట్టుకుని, టోపీలు సర్దుకుని, పదమూడిళ్ళ ముసలివాళ్ళూ ఒక్కొక్కరే బయటికొచ్చి ఓటుకి బయలుదేరారు. నీలం మఫ్లర్లు దాచుకోను కూడా దాచుకోలేదు. ఒకాయనైతే ఇనెస్‌కి టోపీ తీసి నమస్కరించి, "మీ పార్టీని ఓడించి వస్తానమ్మా" అని జాగ్రత్తగా ఉప్పు మీద అడుగులు వేసుకుంటూ పోయాడు.

సాయంత్రం ఓట్లు లెక్కపెట్టారు. ఎర్ర పార్టీ ముప్పై ఒక్క ఓట్లతో గెలిచింది. మొఫాట్ సంతోషించాలో ఏడవాలో తెలియక, "నువ్వు ఆ రెండు గంటలు ఉండుంటే నూరు దాటేది" అని వారం రోజులు సణిగాడు. ఆ సణుగుడు మధ్యలోనే ఇనెస్‌కి ఆ సీటు గెలిచిన కొత్త సభ్యురాలి ఆఫీసులో ఉద్యోగం కూడా ఇప్పించాడు.

ఎన్నిక మర్నాడు ఉదయం గార్నెట్, ఇనెస్ కలిసి స్టాప్ నుంచి నడిచారు. లేయ్దా కాలికి కట్టుతో తలుపు తీసింది. యాలకుల రొట్టె ఈసారి రెండు ముక్కలు.

"ఎన్నొచ్చాయి డ్రైవరూ?"

"అరవై ఒకటే మేడమ్. నిన్న ఓటు?"

"నీలం. ఉప్పుకీ ఓటుకీ సంబంధం ఏంటి?"

గార్నెట్ మొహం విప్పారింది. ఆవిడ మారిపోయి ఉంటే రేపు ఏ వంకతో వస్తాడు? "అయితే ఇంకా తేలలేదన్నమాట" అని జాబితాలో ఆవిడ పేరు కింద మరో గీత గీసుకున్నాడు.

ఆ ఆదివారం ఇనెస్ తన కొత్త కోటు కుడి జేబు అడుగు కత్తిరించుకుంది. వాళ్ళమ్మ కంట్లో పడకుండా ఉంటుందా? కోటు లాక్కుని, వేళ్ళు దూర్చి చూసి, సూదిలో దారం ఎక్కించింది.

"కుట్టకమ్మా" అంది ఇనెస్. "ఆ చిల్లు అలాగే ఉండాలి." ఎందుకో అంతా చెప్పింది.

అమ్మ అంతా వింది. తరవాత కోటు దీపం కిందికి లాక్కుని, చిల్లు అంచు చుట్టూ దగ్గర దగ్గరగా కాజా కుట్టు మొదలుపెట్టింది.

"అలా వదిలేస్తే పీచులు లేచి రెండు నెలల్లో జేబంతా పోతుంది. ఇలా కాజా కుడితే నువ్వు ముసలిదానివయ్యేదాకా ఉంటుంది" అంది. "ఆ పెద్దాయన కోటు కూడా రేపు తీసుకురా. అన్నట్టు మన కొట్టు స్టాపుకి ఎన్ని అడుగులట?"

"ఎనభై ఎనిమిది. నువ్వు ఖాయంగా ఎరుపన్నాడు."

నలభై ఏళ్ళుగా నారింజకి తప్ప ఇంకో రంగుకి ఓటెయ్యని తల్లి దారం తెంపి, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"తేలలేదని చెప్పు. రోజూ వచ్చి కొలుచుకోమను. మన మెట్లు కూడా జారుతున్నాయి."